బ్యాంకు షేరుకు ఫ్రీ క్యాష్ ఫ్లో మార్జిన్ చూసి ఏం లాభం?

మొన్న ఆదివారం మా బావ ఒక ఎక్సెల్ షీట్ పంపాడు. పాతిక షేర్లు, అందులో ఆరు బ్యాంకులు, అన్నిటికీ ఫ్రీ క్యాష్ ఫ్లో మార్జిన్ లెక్కగట్టి పెద్దది పైన, చిన్నది కింద పేర్చాడు. ఒక బ్యాంకుకు ఆ అంకె మైనస్‌లో ఉంది, "దీన్ని అమ్మేద్దామనుకుంటున్నా, ఏమంటావ్?" అని అడిగాడు. "ఆగు బావా, ఆ కాలమ్ బ్యాంకులకు పనికిరాదు" అన్నాను.

సిమెంటు కంపెనీకైతే ఈ లెక్క బాగా నప్పుతుంది. వ్యాపారంలో చేతికొచ్చిన నగదులోంచి ప్లాంటుకీ మిషన్లకీ పెట్టింది తీసేసి, మిగిలింది ఆదాయంలో ఎంత శాతమో చూస్తాం. కానీ బ్యాంకుకు డబ్బే సరుకు. మనం డిపాజిట్ వేస్తే అది లోపలికొచ్చిన నగదు, అప్పిస్తే బయటికి పోయిన నగదు. ఏ బ్యాంకు వార్షిక నివేదికలోనైనా క్యాష్ ఫ్లో పేజీ తీయండి, డిపాజిట్లలో పెరుగుదల, అడ్వాన్సుల్లో (అంటే ఇచ్చిన అప్పుల్లో) పెరుగుదల అనే వరుసలు కనిపిస్తాయి, వాటి పక్కన లాభం వరుస ఎంతో చిన్నది. ఒక ఏడాది 100 కోట్ల డిపాజిట్లు వచ్చి 70 కోట్లు అప్పిస్తే 30 కోట్లు ప్లస్, మరుసటి ఏడాది 50 కోట్లు వచ్చి 80 కోట్లు ఇస్తే 30 కోట్లు మైనస్, రెండేళ్లూ లాభం మాత్రం అంతే ఉండొచ్చు.

చీటీ పాడుకుని 4 లక్షలు ఇంటికి తెచ్చుకున్న నెలలో జీతం పెరిగిందని ఎవరమూ అనుకోం, వాయిదాలు ఇంకా కట్టాలి కాబట్టి. బ్యాంకుకు డిపాజిట్ కూడా అలాంటిదే, తిరిగి ఇవ్వాల్సిన బాకీ.

యెస్ బ్యాంక్ సంగతి చూడండి. 2018 మార్చి నుంచి 2019 మార్చికి డిపాజిట్లు సుమారు 2 లక్షల కోట్ల నుంచి 2.27 లక్షల కోట్లకు పెరిగాయి, అంటే క్యాష్ ఫ్లో లెక్కలో అదంతా లోపలికొచ్చిన డబ్బే. 2020 మార్చి 5న రిజర్వ్ బ్యాంక్ కోరగా కేంద్ర ప్రభుత్వం మారటోరియం (చెల్లింపులపై తాత్కాలిక ఆంక్ష) పెట్టి, ఖాతాదారులు 50,000 రూపాయలకు మించి తీయకూడదంది. జబ్బంతా ఇచ్చిన అప్పుల్లో ఉంది: స్థూల ఎన్‌పీఏలు, అంటే మొత్తం అప్పుల్లో మొండిబాకీల వాటా, 2019 మార్చిలో 3.22 శాతం, అదే ఏడాది డిసెంబరుకి 18.87 శాతం.

అందుకే ఎన్‌పీఏ శాతం ఒక్కటే చూసినా చాలదంటాను. ఆ త్రైమాసికంలో కొత్తగా ఎన్ని అప్పులు వాయిదా కట్టక 90 రోజులు దాటి మొండిబాకీలయ్యాయి, అంటే స్లిప్పేజీలు, వాటి నష్టం తట్టుకోడానికి ఎంత డబ్బు, అంటే ప్రొవిజన్, పక్కన పెట్టారు, నాకు ఇవే అన్నిటికంటే ముఖ్యం. తర్వాత నికర వడ్డీ మార్జిన్ (వచ్చిన వడ్డీలోంచి కట్టిన వడ్డీ పోగా మిగిలింది, వడ్డీ తెచ్చే ఆస్తుల్లో ఎంత శాతమో), మూలధన నిష్పత్తి (అప్పుల రిస్కుతో పోలిస్తే బ్యాంకు సొంత మూలధనం ఎంతో), కాసా (డిపాజిట్లలో కరెంట్, సేవింగ్స్ ఖాతాల వాటా).

నిన్న రాత్రి బావా నేనూ కూర్చుని ఆ ఆరు బ్యాంకులకూ పాత కాలమ్ తీసేసి ఇవి ఎక్కించాం. మైనస్ చూపించిన ఆ బ్యాంకు నగదు ఎక్కువగా కొత్త అప్పుల కిందే బయటికెళ్లింది. ఆ అప్పులు ఎవరికిచ్చారో తెలిసేదాకా షేరు ముట్టుకోనన్నాడు.