పాలు ఆపిన రోజులు

నాకు బీపీ అదుపు తప్పడంతో 29 వారాలకే ఆపరేషన్ చేసి బాబును తీశారు. బరువు 1,150 గ్రాములు. మొదట్లో మా టెన్షనంతా ఊపిరితిత్తుల గురించే. రెండో వారం దాటేసరికి వాడు వెంటిలేటర్ నుంచి బయటపడ్డాడు. నోట్లో వేసిన సన్నటి ట్యూబు ద్వారా నా పాలు ఇస్తూ, రోజూ కొద్దికొద్దిగా పెంచుతున్నారు. గండం గడిచిందనుకున్నాం. నెలలు నిండని పిల్లలకు వచ్చే పేగుల జబ్బు ఒకటుందని, అది చాలాసార్లు సరిగ్గా ఇలా కుదుటపడుతున్నప్పుడే వస్తుందని మాకు తెలీదు.

ఒక రోజు పొద్దున్నే పాలు పిండి తీసుకెళ్తే సిస్టర్ తీసుకోలేదు. "ఈ పూట పాలు ఆపమన్నారమ్మా, సార్ మాట్లాడతారు" అంది. బాబు పొట్ట ఉబ్బి నిగనిగలాడుతోంది. పల్చటి చర్మం కింద పేగుల మెలికలు కనిపిస్తున్నాయి. సిస్టర్ బొడ్డు మీదుగా టేపు చుట్టి కొలిచింది. చార్టులో రాత్రి 22 సెంటీమీటర్లని ఉంది, దాని కింద 24 అని రాసింది. అంతకుముందు ఇచ్చిన పాలు అరగక, పచ్చటి పసరుతో కలిసి ట్యూబులోకి వెనక్కి వచ్చాయి. డైపర్‌లో సన్నటి ఎర్ర చార.

"నెక్ అని అనుమానం" అన్నారు డాక్టరు గారు. పూర్తి పేరు నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్. పేగు గోడ వాచి, కణజాలం చచ్చిపోయి, ముదిరితే చిల్లు పడే జబ్బు. నెలలు నిండని పిల్లల్లో, అందులోనూ కిలోన్నర లోపు పుట్టినవాళ్లలో ఎక్కువ. పేగు ఎదగకపోవడం, అందులో చేరే బ్యాక్టీరియా, రక్తప్రసరణ, ఇలా చాలా కారణాలు కలుస్తాయట. మా అత్తయ్య మాత్రం నా పాలు పడలేదని తేల్చేసింది. "అలా కాదమ్మా, డబ్బా పాల కంటే తల్లిపాలతోనే ఈ జబ్బు తక్కువ వస్తుంది" అని డాక్టరు గారు ఆవిడకే చెప్పారు.

మా ఆయన అడిగింది ఒక్కటే: "అనుమానమేంటి సార్, టెస్టు చేస్తే తెలిసిపోదా?"

తెలీదట. ఇదేనని మొదట్లోనే తేల్చిచెప్పే రక్తపరీక్ష ఒక్కటీ లేదు. రక్తంలో సీఆర్‌పీ అనే ప్రొటీన్ చూస్తారు గానీ, ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది, పెరగడానికి కూడా కొన్ని గంటలు పడుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ప్రమాదమని గుర్తు. అదీ దీనికి మాత్రమే పరిమితం కాదు. ఎక్స్-రేలో పేగు గోడ లోపల గాలి బుడగలు కనిపిస్తే దాదాపు ఖాయం చేస్తారు. కానీ అవి కనిపించే సరికి జబ్బు ఒక మెట్టు ఎక్కేసి ఉంటుంది. 1978లో బెల్ అనే సర్జన్, ఆయన తోటివాళ్లు పెట్టిన దశల పద్ధతినే ఇప్పటికీ మార్పులతో వాడుతున్నారు. అందులో మొదటి దశ పేరే 'అనుమానం'. మా వాడు ఆ దశలో ఉన్నాడు.

తేలేదాకా ఆగలేదు. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు, ట్యూబుతో పొట్టలోని గాలి లాగేశారు, ఆహారమంతా నరంలోంచే. కొన్ని గంటలకోసారి మంచం దగ్గరికే మిషన్ తెచ్చి ఎక్స్-రే తీసేవారు. సాయంత్రం ఫిల్మ్‌లో బుడగలు కనిపించాయి. పిల్లల సర్జన్ వచ్చి పొట్ట నొక్కి చూసి, "చిల్లు పడలేదు, ఇప్పటికి కత్తి పెట్టక్కర్లేదు" అన్నారు. ఆ 'ఇప్పటికి' అన్న మాటతో ఆ రాత్రి ఎలా గడిపామో మాకే తెలుసు.

జబ్బును ఇంకా ముందే పట్టే మార్గాల గురించి డ్యూటీ డాక్టరమ్మ చెప్పింది. ఐ-ఎఫ్ఏబీపీ అని పేగు లోపలి పొర కణాల్లో ఉండే చిన్న ప్రొటీన్ ఉందట. కణం దెబ్బతింటే రక్తంలోకి కారి, మూత్రంలోకి వచ్చేస్తుంది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ కొలవడం ఇంకోటి. అది తెల్ల రక్తకణాల నుంచి వస్తుంది, పేగులో వాపుంటే పెరుగుతుంది. చిక్కేమిటంటే, నెలలు తక్కువ పిల్లల్లో ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా అది ఎక్కువగానే, ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. ఎక్కడ గీత గీయాలో తేలక రోజువారీ వైద్యంలోకి పూర్తిగా రాలేదు.

నా మటుకు నాకు, జబ్బు ఉందని చెప్పే పరీక్ష ఎంత అవసరమో లేదని చెప్పేదీ అంతే అవసరం. పక్క వార్మర్‌లోని పాపకీ పొట్ట ఉబ్బిందని పాలు ఆపారు. చివరికి అది, ఊపిరికి సాయంగా ముక్కులోంచి గాలి పంపే సీప్యాప్ మిషన్ గాలి పొట్టలోకి వెళ్లడం వల్ల వచ్చిన ఉబ్బు. ఊరికే పాలు ఆపితే సెలైన్ లైన్లు ఇంకొన్నాళ్లు ఉంచాలి, వాటితో ఇన్‌ఫెక్షన్ భయం. అలాగని ఆపకపోతే ఏమవుతుందోనని భయం. డాక్టర్లకు కూడా అది కత్తి మీద సామే.

మా వాడి సీఆర్‌పీ మెల్లగా దిగింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి, బుడగలు మాయమయ్యాయి. దాదాపు పది రోజుల తర్వాత ఒక్క ఎంఎల్ పాలు పోశారు. అన్ని రోజులూ నేను రెండు మూడు గంటలకోసారి పిండి ఫ్రీజర్‌లో పెట్టించిన పాలే. పోశాక సిస్టర్, నేను ఇద్దరం టేపు వంకే చూశాం. కొలత పెరగలేదు.

డిశ్చార్జి రోజు మానిన చోట పేగు సన్నబడి అడ్డుపడొచ్చని, పచ్చ వాంతి అయినా పొట్ట బిగిసినా వెంటనే రమ్మని చెప్పారు. నెల తిరక్కుండానే వాంతులయ్యాయి. హడలిపోయి పరిగెత్తాం. పేగు ఎక్స్-రేలో స్పష్టంగా కనిపించేలా చేసే మందు ఎక్కించి ఫిల్మ్ తీస్తే పేగు బాగానే ఉంది. పాలు ఎక్కువై కక్కుకున్నాడంతే. బారసాల అప్పటికి గానీ చేయలేకపోయాం. బరువు ఇప్పటికీ చార్టులో కింది గీత దగ్గరే ఉంది. ఎదుగుదల, చూపు, వినికిడి పరీక్షలకు తిప్పుతూనే ఉన్నాం. పప్పన్నం మాత్రం రెండు పూటలా అడిగి మరీ తింటున్నాడు.