రేపు పాలు పొంగించాలి

శనివారం, రాత్రి పదకొండున్నర. ఒళ్లంతా నొప్పులు, చేతులకి ఆ తుప్పు నీళ్ల వాసన రెండుసార్లు సబ్బు రాసినా పోలేదు. అయినా ఇది రాయకుండా పడుకుంటే రేపటి హడావిడిలో సగం మర్చిపోతాను.

ఇల్లు మా చేతికొచ్చి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. ఇంగ్లండులో డెర్బీ అనే ఊళ్లో 1930ల్లో కట్టిన ఇల్లు, పక్కింటికీ మాకూ ఒక గోడ ఉమ్మడి, వెనక చిన్న దొడ్డి. అందులో ఉన్న పెద్దావిడ 2021లో వృద్ధాశ్రమానికి వెళ్లారట, తర్వాత పోయారు, వారసుల కాగితాలు తేలేసరికి ఇన్నాళ్లు పట్టింది. అంటే నాలుగేళ్లుగా పొయ్యి వెలగని ఇల్లు. తాళాలు తీసుకున్న రోజు లోపలికి అడుగుపెడితే బయటికన్నా లోపలే చలి ఎక్కువగా ఉంది, మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది, గోడ మీద చెయ్యి పెడితే చెమ్మ. ఆ సాయంత్రం నేను ఈయనతో అన్నాను, రంగులూ కర్టెన్లూ తర్వాత, ముందు దీనికి వేడి కావాలి అని.

గ్యాస్ వేయించుకోవడం ఒక ఫోన్ కాల్ పని అనుకున్నాం. మూడు వారాలు పట్టింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ అడ్రసులో ఖాతానే లేదన్నారు, ఇంకో మనిషి ఉందన్నాడు, మరొకావిడ మళ్లీ మొదట్నుంచి చెప్పమంది. చివరికి పని జరిగింది ఎంపీఆర్‌ఎన్ అనే నంబరు వల్ల. ఇక్కడ ప్రతి ఇంటి గ్యాస్ కనెక్షన్‌కీ అలాంటి నంబరు ఒకటి ఉంటుంది, మనుషులు మారినా మీటర్ మారినా అది మారదు. అది పట్టుకుని, తాళాలు తీసుకున్న రోజే తీసిపెట్టుకున్న మీటర్ ఫొటో పంపాక గానీ కదల్లేదు. ఖాళీ ఇల్లు కొనేవాళ్లెవరైనా మొదటి రోజే మీటర్ రీడింగూ, దాని మీద సీరియల్ నంబరూ కనబడేలా ఫొటో తీసుకోండి, లేకపోతే మీరు వాడని గ్యాస్ గురించి మీరు వాదించుకోవాలి.

గురువారం కంపెనీ మనిషి వచ్చి మీటర్ దగ్గర బిగించిన సీలు తీశాడు. హమ్మయ్య అనుకునేలోపే ఇంట్లో పైపుల్లో ప్రెషర్ నిలవట్లేదని చెప్పి, మళ్లీ వాల్వ్ కట్టేసి, వాడకూడదని ఒక చీటీ తగిలించి వెళ్లిపోయాడు. అతను చేసింది సరైన పనే. కానీ ఆ రాత్రి నాకు ఏడుపొచ్చేసింది, ఎందుకంటే అమ్మ పెట్టించిన ముహూర్తం ఆదివారం ఉదయం ఎనిమిది నలభైకి, కార్తీకం వెళ్లిపోయేలోపు ఇదొక్కటే కుదిరింది. ఇండక్షన్ పొయ్యి మీద పొంగించేద్దాంలే అన్నారు ఈయన. ఇక్కడ చాలామంది అలాగే చేస్తున్నారు, అందులో తప్పేం లేదు. నాకు మాత్రం మంట కావాలి. ఆ ఇంట్లో మొదట వెలిగేది మంటే కావాలి.

మంట కావాలి అంటున్నానే గానీ గ్యాస్ అంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. మాది కోనసీమ. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి పేలి అంటుకున్నప్పుడు, అదే బ్లోఅవుట్ అంటారు, నాకు ఏడేళ్లు, 65 రోజులు మండింది ఆ బావి. రాత్రిళ్లు ఆకాశం ఒక వైపంతా ఎర్రగా ఉండేది, నేను నాయనమ్మ పక్కలో దూరి ఆ వైపు చూడకుండా పడుకునేదాన్ని. తర్వాత 2014 జూన్‌లో అక్కడే నగరం అనే ఊళ్లో తెల్లవారుజామున గ్యాస్ పైపులైను పేలినప్పుడు నేను పెళ్లయి ఇక్కడికొచ్చేశాను, ఫోన్లో నాన్న గొంతు విని కాళ్లు వణికాయి. ఆ బ్లోఅవుట్ భయంతోనే నా చిన్నప్పుడు మా ఇంట్లో గ్యాస్ బండ మార్చినప్పుడల్లా నాన్న రెగ్యులేటర్ చుట్టూ సబ్బు నురగ రాసి, బుడగలు రావట్లేదని తేలాకే అగ్గిపుల్ల గీసేవారు. గ్యాస్ దగ్గర తొందర పనికిరాదమ్మా అని ఆయన అన్నన్నిసార్లు ఇంకెవరూ ఏ మాటా అని ఉండరు.

ఇవాళ తొమ్మిదింటికి గ్యాస్ ఇంజినీరు వచ్చాడు, అరవై దాటిన మనిషి. అడక్కుండానే గ్యాస్ సేఫ్ కార్డు, అంటే గ్యాస్ పని చేయడానికి అర్హులైనవాళ్ల రిజిస్టరులో తన పేరుందని చెప్పే కార్డు, తీసి చూపించి, వెనక్కి తిప్పి తనకి ఏ ఏ పనులకి అర్హత ఉందో కూడా చదువుకోమన్నాడు. 2009 దాకా ఈ రిజిస్టరు పేరు కోర్గీ, ముసలివాళ్లు ఇంకా అదే అంటారట.

మీటర్ దగ్గర ఇంగ్లీషు యు అక్షరంలా వంచిన ఒక గొట్టం పెట్టాడు, అందులో నీళ్లు. గ్యాస్ కొంచెం వదిలితే ఒక వైపు నీళ్లు దిగి రెండో వైపు ఎక్కాయి. ఇరవై మిల్లీబార్ దగ్గర వాల్వ్ మూసేసి, ఒక నిమిషం కుదురుకోనిచ్చి, తర్వాత రెండు నిమిషాలు చూడాలి. ఇంత పెద్ద ఇంటి భద్రత వేలెడు వెడల్పు గొట్టంలో నీళ్లు కదలడం మీద ఆధారపడి ఉంది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ నీటి అంచునే చూస్తున్నాను. కదిలింది. ముందు సన్నగా, తర్వాత బాగా తెలిసేలా, రెండు నిమిషాలయ్యేసరికి పన్నెండుకి దిగిపోయింది.

లీకు ముందు గదిలో పాత గ్యాస్ ఫైర్ దగ్గర దొరికింది, గది వెచ్చబెట్టుకునే గ్యాస్ పొయ్యి అది, దాని పక్కనున్న ఇత్తడి గ్యాస్ కుళాయిలో గ్రీజు ఎండిపోయి ఉంది. నేను అలవాటుగా నేలకి వంగి వాసన చూస్తుంటే ఆయన ఆపి చెప్పాడు, మీ సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి కిందికి దిగుతుంది, ఈ పైపు గ్యాస్ తేలిక, పైకి పోతుంది, వాసన పైన చూడు అని. నలభై ఏళ్లు దగ్గరపడుతుంటే ఇప్పుడు తెలిసింది నాకు. ఆ ఫైర్ మాకు అక్కర్లేదు కాబట్టి దానికి వెళ్లే పైపు కోసి మూత బిగించేశాడు. మళ్లీ గొట్టం, మళ్లీ రెండు నిమిషాలు. ఈసారి నీళ్లు గీత మీద నిలబడ్డాయి. ఈయన నా భుజం గట్టిగా పట్టుకున్నారు, ఎవరం ఏం మాట్లాడలేదు.

నీళ్లు కాచి గదుల్లో రేడియేటర్లకి పంపే బాయిలర్ పక్క అలమరలో దాని పుస్తకం ఉంది. వెనక పేజీల్లో సర్వీసు చేయించిన తేదీలు, ఏడాదికొకటి, అన్నీ సెప్టెంబరులోనే, చివరిది 2020. పక్కన పెన్సిల్‌తో ఆ పెద్దావిడ రాసుకున్న మాటలు, వణికే చేతిరాత, కానీ ఒక్క అక్షరం అర్థం కాకుండా లేదు. రేడియేటర్లలో గాలి తీసేటప్పుడు కింద గదులతో మొదలుపెట్టు, పై బాత్‌రూందాంతో ఆపు. బాత్‌రూం వాల్వ్ మెల్లగా, అది కారుతుంది. ఇంజినీరు అది చదివి, ఈవిడ మాట విందాం అన్నాడు.

బాయిలర్ వెంటనే లేవలేదు. నాలుగేళ్లు కదలక పంపు బిగుసుకుపోయింది. ముందున్న స్క్రూ తీసి, లోపల ఇరుసు గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి అటూ ఇటూ ఊపాడు, ఊపాడు, ఒకచోట టక్ మని వదిలింది. చలికి పగలకుండా ఎవరో పైపుల్లో నీళ్లన్నీ తీసేసి ఉంచారు, అది చాలా మంచి పని. మళ్లీ నింపి, ముల్లు ఒకటిన్నర బార్ దగ్గరికి తెచ్చి, గాలి తీసే పని నాకు అప్పజెప్పాడు. చిన్న ఇత్తడి తాళంచెవి లాంటిది, పావు తిప్పు తిప్పితే బుస్సుమని గాలి, చల్లగా, పాత ఇనుము వాసన, తర్వాత చిటపటలాడుతూ నీళ్లు, కాటుక కరిగించినట్టు నల్లగా. లోపల ఇనుము తుప్పు పట్టి అలా అవుతుందట, అందుకే నల్లటి నీళ్లు వదిలేసి కొత్త నీళ్లలో తుప్పు పట్టకుండా మందు కలిపాడు. తొమ్మిది రేడియేటర్లు. చివరిది బాత్‌రూంది, మెల్లగానే తిప్పాను, ఆవిడ చెప్పినట్టే కారింది. కింద స్టీలు గిన్నె పెట్టాను. ఆ వాల్వ్ మంగళవారం వచ్చి మారుస్తానన్నాడు.

రెండు దాటాక మంట వచ్చింది. బాయిలర్ కిటికీలోంచి చూశాను, నీలం. తర్వాత వంటింట్లో కొత్త పొయ్యి, నాలుగు బర్నర్లూ ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ నీలం. పసుపు మంట వస్తే సరిగ్గా మండట్లేదని అర్థం, వెంటనే ఆపేయాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా ఉండదు రంగూ ఉండదు కాబట్టి అలారం కొని తెచ్చి పెట్టాం, బటన్ నొక్కి చూశాం. గ్యాస్ వాసన వస్తే చేయాల్సిన నంబరు 0800 111 999 కాగితం మీద పెద్దగా రాసి ఫ్రిజ్‌కి అంటించాను, పాపకి కూడా నేర్పాలి.

ఇంజినీరు వెళ్లాక కుళాయిలన్నీ చాలాసేపు వదిలేశాం, ఏళ్లుగా నిలవున్న నీళ్లలో బాక్టీరియా పెరుగుతుందని, షవర్ తల ఊడదీసి మరీ. రేడియేటర్ల మీద దుమ్ము కాలిన వాసన ఇల్లంతా. ఏడు డిగ్రీలున్నది సాయంత్రానికి పద్నాలుగైంది. చీకటి పడుతుంటే పక్కింటి తాతగారు తలుపు కొట్టారు. గోడ మీద గొట్టంలోంచి తెల్లటి ఆవిరి రావడం చూసి వచ్చారట. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడి హాల్లో రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించారు. ఆవిడ రోజూ దీని మీద గ్లవ్స్ ఆరబెట్టుకునేది అన్నారు. ఇంకేం అనలేదు. కాసేపు అలాగే ఉండి, గుడ్‌నైట్ చెప్పి వెళ్లారు. రేపు ఆయన్ని కూడా పిలిచాను, వస్తానన్నారు.

నాన్నకి వీడియో కాల్ చేస్తే అక్కడ అర్ధరాత్రి, మేలుకునే ఉన్నారు.

"ఏమ్మా, వెలిగిందా?"

"వెలిగింది నాన్నా, ఇదిగో చూడు."

"సబ్బు నురగ పెట్టి చూశాడా అతను?"

"అంతకన్నా మంచి పరీక్షే పెట్టాడు నాన్నా, నేను దగ్గరుండి చూశాను."

కాసేపు మంటనే చూశారు. సరే, ఇక పడుకుంటాను అన్నారు.

థర్మోస్టాట్ పదిహేను దగ్గర పెట్టి, తాళం వేసి, అద్దింటికి వచ్చేశాం. కొత్త గిన్నె, పసుపు, కుంకుమ, బెల్లం, బియ్యం సంచిలో సర్దాను. పాలు పొద్దున్నే దారిలో కొనాలి. ప్రెషర్ ముల్లు రేపటికి ఒకటి కన్నా దిగితే మళ్లీ నింపమన్నాడు ఇంజినీరు. వెళ్లగానే ముందు ఆ ముల్లు చూడాలి, బాత్‌రూంలో గిన్నె పారబోయాలి, ఆ తర్వాత పాలు.