మలక్కాలో న్యోన్యా భోజనం

మలేషియా రాజధాని కౌలాలంపూర్ నుంచి పాత రేవుపట్టణమైన మలక్కాకు బస్సులో దాదాపు రెండు గంటల ప్రయాణం. దారి పొడవునా ఆయిల్‌పామ్ తోటలే కావడంతో, నేను ముందురోజు రాత్రి రాజధానిలో తిన్న భోజనం గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ‘ఏషియన్ ఫ్యూజన్’, అంటే వేర్వేరు వంటల కలయిక, అని బోర్డు పెట్టుకున్న ఒక హోటల్లో కోడి రెండాంగ్‌ను (కొబ్బరిపాలు, మసాలాలతో ఇగిరేదాకా వండే కూర) పాస్తా మీద వేసి, పైన చీజు తురిమి ఇచ్చారు. రెండాంగ్ బాగుంది, పాస్తా కూడా సరిగ్గానే ఉడికింది. ఆ రెంటినీ ఒకే పళ్ళెంలో ఎందుకు పెట్టారన్నది మాత్రం చివరి ముద్ద దాకా బోధపడలేదు. మరునాటి మధ్యాహ్నం, చైనా మలయా పద్ధతులు కలిసిన న్యోన్యా వంట తిన్నాక, కలపడం అంటే ఏమిటో కొంత తెలిసింది.

మలక్కా రేవు గాలుల మీద ఆధారపడి బతికింది. ఈశాన్య రుతుపవనాలతో చైనా నుంచి వచ్చిన ఓడలు నైరుతి గాలులు మొదలయ్యేదాకా తిరిగి వెళ్ళే వీలు లేక నెలల తరబడి ఇక్కడే ఆగేవి. అలా ఆగిన వర్తకుల్లో కొందరు స్థానిక స్త్రీలను పెళ్ళాడి స్థిరపడిపోయారు. వారి సంతతిలో మగవారిని బాబాలనీ, ఆడవారిని న్యోన్యాలనీ పిలుస్తారు. రేవు 1511లో పోర్చుగీసువారికీ, 1641లో డచ్చివారికీ, 1824లో ఆంగ్లేయులకూ చిక్కినా, ఈ ఇళ్ళలో పితృదేవతల పూజ చైనా పద్ధతిలోనూ, ఆడవారి కట్టూ ఇంటి మాటా చాలావరకు మలయా పద్ధతిలోనూ సాగుతూ వచ్చాయి. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పాత పట్టణంలో ఆ ఇళ్ళు నేటికీ ఉన్నాయి.

జోంకర్ వీధి రద్దీని తప్పించుకొని పక్క సందులోకి తిరిగితే అలాంటి ఇంట్లోనే నడుస్తున్న ఒక చిన్న హోటల్ కనిపించింది. ముఖద్వారం ఇరుకు, లోపల మాత్రం చాలా లోతు, మధ్యలో వానా వెలుతురూ నేరుగా పడే మండువా. దాని చుట్టూ పాలరాతి పలకల బల్లలు. స్పూనూ ఫోర్కూ ఇచ్చారు గానీ, పూర్వం న్యోన్యాలు చేత్తోనే తినేవారని చదివి ఉన్నాను గనుక నేనూ చేయి కడుక్కొని కూర్చున్నాను.

మొదట వచ్చింది ఆయమ్ పోంగ్‌తే. కోడిమాంసం, బంగాళాదుంపలు వేసి, పులియబెట్టిన సోయా గింజల ముద్దతోనూ తాటిజాతి చెట్ల బెల్లంతోనూ నిదానంగా ఉడికించిన కూర. సోయా చైనాది, బెల్లం మలయాది. తింటున్నంతసేపు ఏది ఎక్కడిదో విడదీయడానికి వీలు కాలేదు. సోయాలోని ఉప్పదనాన్ని బెల్లం తగ్గిస్తుంది, బెల్లం తీపి వెగటు పుట్టకుండా సోయా ఆపుతుంది. పాస్తా మీది రెండాంగ్‌కు లోపించింది ఒకదానికొకటి కావలసిన ఈ అవసరమే.

అసమ్ పెడస్ అనే చేపల కూర మన చేపల పులుసుకు దగ్గరి చుట్టం. చింతపండు, ఎండుమిర్చి అంతా మనదే అనిపించినా, మెంతుల వాసన ఉండవలసిన చోట బెలచాన్ అనే రొయ్యల ముద్ద ఘాటు, ఎర్రని అల్లంజాతి పూమొగ్గ పరిమళం తగులుతాయి.

అన్నింటికన్నా ఎక్కువసేపు నన్ను పట్టి ఉంచింది ఆయమ్ బువా కెలువాక్. కెలువాక్ గింజలో సహజంగా సయనైడ్ విషం ఉంటుంది. గింజలను ఉడకబెట్టి, బూడిదలో వారాల తరబడి పాతిపెట్టి, ఆపైన రోజుల కొద్దీ నీళ్ళలో నానబెడితే విషం పోయి, లోపలి తెల్లని గుజ్జు నల్లబడుతుంది. వంటకు ముందు పెంకు కొసన చిన్న కంత చేస్తారు. చింతపండు పులుసులో మాంసంతోపాటు తేలుతున్న ఆ నల్లని కాయను ఏం చేయాలో తెలియక చూస్తుంటే, వడ్డించే పెద్దావిడ వచ్చి, సన్నని స్పూనును కంతలో దించి, అంచు వెంట తిప్పి, తారులాంటి ముద్దను నా అన్నం మీదకు తీసింది. కాస్త చేదు, మట్టివాసన, నూనెదనం. మొదటి ముద్దకు నచ్చలేదు. మూడో కాయకు వచ్చేసరికి కోడిముక్కలను పక్కకు నెట్టి కాయలనే వెదుక్కున్నాను. తినదగదని పారేయవలసిన గింజను ఇంత ఓపికతో కూరగా మార్చుకున్న వంటగత్తెల మీద గౌరవం కలిగింది.

చిట్టి రొయ్యలను ఉప్పూ అన్నంతో పులియబెట్టి చేసే చించలోక్‌ను ఆమ్లెట్‌లో వేసి ఇచ్చారు. వాసన కాస్త ఓర్చుకుంటే రుచి గొప్పది. కరకరలాడే చిన్న గిన్నెల్లో కూరగాయల తురుము నింపిన ‘పై తీ’ అనే వంటకం మాత్రం ఫోటోలకే తప్ప నాలుకకు పెద్దగా పనికిరాలేదు.

చివర చెందోల్ తెప్పించుకున్నాను: పాండాన్ అనే సువాసనగల ఆకు రసం కలిపిన బియ్యప్పిండి తీగలు, తురిమిన ఐసు, కొబ్బరిపాలు, పైన గుల మెలక అనే తాటిజాతి చెట్ల బెల్లంతో చేసిన ముదురు గోధుమరంగు పాకం. ఉడికించిన రాజ్మా గింజలు కూడా వేశారు, అవి నాకు దండుగనిపించాయి. ఐసు కరిగితే పాకం పలచబడి రుచి చెడుతుందని పెద్దావిడ తొందరపెట్టడంతో, రాజ్మాను అడుగున వదిలేసి మిగిలినదంతా గబగబా తాగేశాను.