ఆర్టీ పరీక్ష: పదాలను నేను ఎలా చదివానంటే

రేడియో టెలిఫోనీకి (ఆర్టీ, అంటే పైలట్లు, కంట్రోలర్లు రేడియోలో మాట్లాడుకునే పద్ధతికి) చదివేవాళ్లు చాలామంది పదాల జాబితా ముందేసుకుని బట్టీ పడతారు. నేను నోట్సులో ఒక్కో పదం ఎదురుగా, ఆ మాట అన్నాక పైలట్ ఏం చేయాలి, కంట్రోలర్ ఏం చేయాలి అని రాసుకున్నాను. ఓరల్‌లో నాకు బాగా పనికొచ్చింది ఇదే.

'రోజర్' అంటే మీరు చివరగా చెప్పిందంతా అందింది, అంతవరకే. చెప్పినట్టు చేస్తామన్న హామీ 'విల్కో'లో ఉంటుంది. అవునో కాదో తేల్చాల్సిన ప్రశ్నకి 'అఫర్మ్' లేదా 'నెగెటివ్' అనాలి, అక్కడ రోజర్ చెల్లదు. 'స్టాండ్‌బై' అంటే ఆగండి, నేనే పిలుస్తాను అని. అడిగినదానికి ఒప్పుకున్నట్టు దాన్ని ఎప్పుడూ తీసుకోకూడదు. 'కాంటాక్ట్' అంటే ఫ్రీక్వెన్సీ మార్చి పిలవాలి, 'మానిటర్' అంటే మార్చి వింటూ ఉండాలి.

ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే స్పెయిన్ దీవి టెనెరిఫేలో జరిగిన ప్రమాదం గురించి తప్పక చదవండి. 1977 మార్చి 27న అక్కడి రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. వాటిలో ఒకటైన డచ్ విమానం కేఎల్ఎమ్ కోపైలట్ 'టేకాఫ్' అన్న మాట వాడి ఏదో చెప్పాడు. విమానం అప్పటికే కదిలిందని టవర్‌కి అర్థం కాలేదు. 'ఓకే' అని, ఆ వెంటనే టేకాఫ్‌కి స్టాండ్‌బైలో ఉండమంది. సరిగ్గా అప్పుడే రెండో విమానం పాన్ యామ్ సిబ్బంది కూడా మాట్లాడటంతో రెండు ట్రాన్స్‌మిషన్లు కలిసిపోయి, కేఎల్ఎమ్ కాక్‌పిట్‌లో 'ఓకే' తర్వాతి మాటలు రేడియో కూతలో కలిసిపోయాయి. నేడు 'టేకాఫ్' అన్న మాట ఆ క్లియరెన్స్ (అనుమతి) ఇచ్చేటప్పుడు, రద్దు చేసేటప్పుడు తప్ప వాడరు. మిగతా అన్నిచోట్లా 'డిపార్చర్' అంటారు. ఇది తెలిశాక ఆ నియమం నేను మళ్లీ చదవాల్సిన పని పడలేదు.

రీడ్‌బ్యాక్, అంటే కంట్రోలర్ చెప్పింది పైలట్ తిరిగి చెప్పడం, మాత్రం నోటితోనే వస్తుంది. రన్‌వే, లెవెల్ (ఎత్తు), హెడింగ్ (దిశ), స్పీడ్, ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం) సెట్టింగ్, స్క్వాక్ కోడ్ (రాడార్‌లో విమానాన్ని గుర్తించే అంకెలు), హోల్డ్ షార్ట్ (రన్‌వేకి ముందే ఆగమనడం): ఇవన్నీ తిరిగి చెప్పి తీరాలి. ఇద్దరు కూర్చుని ఒకరు కంట్రోలర్‌గా, ఒకరు పైలట్‌గా గట్టిగా మాట్లాడుకోండి. నిమిషానికి 100 పదాలు దాటకూడదన్నది ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ప్రమాణం. కంగారులో అందరం దాన్ని దాటేస్తాం కాబట్టి రికార్డు చేసుకుని వినండి. 'నైనర్' (9), 'ఫైఫ్' (5) వంటి ఉచ్చారణలు నాలుగు రోజులంటే నాలుక మీదికి వచ్చేస్తాయి, వాటికి భయపడొద్దు.

ఎక్కువ సమయం ఇంధనం గురించిన మాటలకి ఇవ్వండి. 'మినిమం ఫ్యూయల్' అంటే ఇక ఫలానా ఎయిర్‌పోర్టులోనే దిగాలి, ఆలస్యమైతే రిజర్వ్‌లోకి (చివరికి తప్పక మిగలాల్సిన ఇంధనంలోకి) పోతాం అని తెలియజేయడం. అది ఎమర్జెన్సీ కాదు. ఆ రిజర్వ్ కూడా మిగలదని తేలితే 'మేడే ఫ్యూయల్' అనాలి ('మేడే' అంటే ప్రాణాపాయంలో ఉన్నామన్న పిలుపు). 1990 జనవరిలో న్యూయార్క్ దగ్గర కూలిన ఏవియాంకా 52 విమానం సిబ్బంది ఇంధనం అయిపోతోందని చెప్పారు గానీ, ఎమర్జెన్సీ అని కంట్రోలర్లతో అనలేదు. 73 మంది పోయారు. మేడే మూడుసార్లు, స్టేషన్ పేరు, కాల్‌సైన్ (రేడియోలో మన విమానం పేరు), ఆపద ఏమిటి, ఏం చేయబోతున్నాం, ఎక్కడ ఉన్నాం, లెవెల్, హెడింగ్: ఈ వరుస తడుముకోకుండా వచ్చేదాకా రోజూ పైకి చెప్పుకోండి.