పదింటి టీ
గ్రూప్-2 కోసం అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర రూమ్ తీసుకుని చదువుతున్నా. మొన్నటిదాకా రోజుకు ఏడు టీలు. ఉగ్గాని తిన్న వెంటనే ఒకటి, అన్నం తిన్నాక ఒకటి, రాత్రి పదింటికి ఇంకొకటి. అయినా ఒకే పేజీ మూడుసార్లు చదివేదాన్ని. మెట్లెక్కితే ఆయాసం. జ్ఞాపకశక్తి మాత్రలని 600 రూపాయలు పెట్టి కొన్నా, ఏమీ లాభం లేదు.

ఊరికెళ్తే అమ్మ నా కింది రెప్ప లాగి చూసింది. లోపల తెల్లగా పాలిపోయి ఉంది. “రక్తం లేదు పాపా, ముందు టెస్టు చేయించుకో” అంది. హిమోగ్లోబిన్ 8.9.

టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవని డాక్టరమ్మ చెప్పింది. కెఫీన్ అలసటను తీసేయదట, నిద్ర రప్పించే అడినోసిన్ పనిని మెదడులో కాసేపు అడ్డుకుంటుందంతే. తాగిన ఐదు గంటలకు కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. అంటే పదింటి టీ తెల్లవారుజాము మూడింటికి కూడా నాలో ఉండేది! ఎన్ని రాత్రులు పాడుచేసుకున్నానో తలుచుకుంటే బాధేసింది.

ఇప్పుడు డాక్టరమ్మ రాసిన ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకుంటున్నా. టీ రెండే, అదీ తిన్న గంట తర్వాత. సాయంత్రం నాలుగు దాటితే ముట్టను. నెలన్నర అయింది. నిన్న పాలిటీలో ఒక చాప్టర్ లేవకుండా చదివేశా.

రూమ్‌లో ఇంకో ఇద్దరి కనురెప్పలూ చూశా. రేపు వాళ్లనీ టెస్టుకు తీసుకెళ్తున్నా.