ముట్టుకున్నట్టా, లేనట్టా

పదకొండున్నర అయింది. గిన్నెలు తోమేశాను, పాలు తోడుపెట్టాను. నిద్ర మాత్రం రావడం లేదు.

చిన్నాడికి జ్వరం తగ్గింది. రాత్రి చారన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. అంతవరకు సంతోషమే. తింటుంటే నుదుటి మీద చెయ్యి పెట్టి చూడబోయాను. చెయ్యి ఆనగానే తల పక్కకి తిప్పేసి, "నువ్వు నన్ను ముట్టుకోలేదమ్మా. ఎలక్ట్రాన్లు ఎలక్ట్రాన్లని నెట్టేస్తాయి. లోకంలో ఏదీ దేన్నీ తాకదు" అన్నాడు. ఏదో వీడియోలో చూశాడట. ఈయన నవ్వారు. అత్తయ్య మాత్రం "మరి మడి సంగతేంట్రా?" అని నిజంగానే అడిగారు.

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. సగం నిజాన్ని అంత ధీమాగా చెప్పే వీడియోలంటే నాకు పడదు. పరమాణువుకి గోళీలాగా గట్టి అంచు ఉండదు. ఎలక్ట్రాన్ మేఘం దూరం వెళ్ళేకొద్దీ పల్చబడుతూ పోతుంది, అంతే. అంచే లేనప్పుడు రెండు అంచుల మధ్య ఖాళీ ఎక్కడిది? రెండు మేఘాలు కాస్త కాస్త ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి కూడా. ఇంకా దగ్గరికి నెడితేనే ఒప్పుకోవు. అలా ఒప్పుకోకపోవడానికి మైనస్, మైనస్ నెట్టుకోవడం ఒక్కటే కారణం కాదు. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండకూడదని 1925లో పౌలి చెప్పిన నియమం ఉంది. ఆ నియమమే లేకపోతే పదార్థం ఇంత చోటు పట్టి నిలబడదని డైసన్, లెనార్డ్ 1967లో లెక్క కట్టి చూపించారు. ఇదంతా వదిలేసి "ఏదీ దేన్నీ తాకదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

"ఇనుములో పక్కపక్క పరమాణువుల కేంద్రాల మధ్య దూరం సుమారు 0.25 నానోమీటర్లు. నీ లెక్కన ఆ గరిటె తనని తాను కూడా తాకడం లేదు. మరి రాలిపోదేం?" అన్నాను. "అది పరమాణువుల మధ్య బాండింగ్ అమ్మా, అది వేరు" అని కంచం తీసుకుని లేచిపోయాడు.

వేరు ఎలా అవుతుంది? స్లిప్ గేజ్‌లు చూడలేదు వాడు.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. ఆయుధపూజ రోజు ఫ్యాక్టరీలోకి ఇంట్లోవాళ్ళని రానిచ్చేవారు. మిషన్లన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. గుమ్మడికాయలు కొట్టిన చోట అడుగు వేస్తే జారిపోయేది. నాన్న పనిచేసే ఇన్‌స్పెక్షన్ గది మాత్రం చల్లగా, నిశ్శబ్దంగా ఉండేది. అక్కడ చెక్కపెట్టెలో వరసగా మెరిసే ఉక్కు దిమ్మెలు. స్లిప్ గేజ్‌లంటే అవే. కొలిచే పనిముట్లు సరిగ్గా ఉన్నాయో లేదో వాటితో చూస్తారు, కొలతలకి కొలతలు అవి. స్వీడన్‌లో యోహాన్సన్ అనే ఆయన 1896లో ఆలోచించి చేసినవని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. నాన్న రెండు దిమ్మెలు తీసి, షామీ తోలుతో తుడిచి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఆనించి, మెల్లగా జరుపుతూ తిప్పారు. తర్వాత పైదాన్ని పట్టుకుని ఎత్తారు. కిందది పడలేదు! జిగురు లేదు, అయస్కాంతం లేదు. లాగి చూడమని నా చేతికిచ్చారు. లాగాను. రాలేదు. పక్కకి జరిపితే ఇట్టే వచ్చేసింది. దాన్ని "రింగ్ (wring) చేయడం" అనేవారు. రాత్రంతా అలా వదిలేయకూడదనీ, విడదీసి వాజిలిన్ రాసి పెట్టాలనీ చెప్పారు. ఆ రోజు ఇచ్చిన మరమరాల పొట్లం ఇంటికి వచ్చేదాకా విప్పలేదు నేను.

ఇదే చెప్పి వాడి నోరు మూయిద్దామనుకున్నాను. ముందు ఒకసారి అడుగుదామని నాన్నకి ఫోన్ చేశాను. "లోహం లోహాన్ని నేరుగా తాకితేనే కదా నాన్నా అతుక్కునేది?" అంటే, "కాదు తల్లీ. మరీ పొడిగా తుడిస్తే సరిగ్గా అతుక్కోవు. కొంచెం నూనె చెమ్మ ఉండాలి. కంటికి కనపడనంత" అన్నారు.

ఇన్నేళ్ళూ నేను తాకడం అనుకున్నదాని మధ్యలో నూనె ఉందన్నమాట.

అప్పటినుంచీ కోపం కాస్త పక్కకి జరిగింది. వాడు చెప్పిన కారణం తప్పే, కానీ మాటలో కొంత ఉంది. ఎంత నున్నటి పలకలైనా కొద్ది చోట్ల, గుట్టల కొసలు ఆనినట్టు మాత్రమే ఆనతాయని రాపిడి మీద పరిశోధన చేసిన బౌడెన్, టేబర్ ఎప్పుడో చూపించారు. ఆ కొసల మీద కూడా తుప్పు పొరో, చెమ్మో, జిడ్డో. ఏ పొరా లేని ఒకే లోహపు ముక్కల్ని గాలి లేనిచోట ఆనిస్తే అతుక్కుని ఒకటైపోతాయి. 1991లో, బృహస్పతికి బయల్దేరిన గెలీలియో అంతరిక్ష నౌక యాంటెన్నా గొడుగులా విచ్చుకోవాల్సింది, విచ్చుకోలేదు. ట్రక్కుల మీద అటూ ఇటూ తిప్పినప్పుడు పిన్నుల మీది కందెన అరిగిపోయి, అవి ఉన్నచోటే పట్టేశాయని ఇంజినీర్లు అనుకున్నారు. ఏదీ అడ్డం లేకుండా తాకిన లోహాలు మళ్ళీ విడిగా మిగలవు. మామూలుగా మనం ముట్టుకోవడం అనేది ఆ పొరల మీదుగానే.

అలాగని తాకలేదని మాత్రం ఒప్పుకోను. చెయ్యి ఆనింది ఒక్క క్షణమే అయినా వెచ్చదనం తెలిసింది. వాడి చర్మంలో అణువుల కదలిక మధ్యలో చెమట ఉన్నా, జిడ్డు ఉన్నా నా అరచేతిదాకా వచ్చింది. తాకడమంటే ఇంకేం కావాలి? కానీ వాడు తల తిప్పుకున్నది ఎలక్ట్రాన్ల వల్ల కాదని నాకు తెలుసు. పదహారేళ్ళు వచ్చాయి.

రేపు స్లిప్ గేజ్‌ల సంగతి చెబుతాను, నూనె సంగతి దాచకుండా. థర్మామీటర్ ఎక్కడ పెట్టానో, అది కూడా వెతకాలి.