పొటోమాక్ దాటని పెట్టె

శుక్రవారం పొద్దున్నే వర్జీనియాలోని రిచ్‌మండ్ నుంచి బయల్దేరాం, బావా నేనూ. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా చిన్నత్త కొడుకు గృహప్రవేశం. అక్కా పిల్లలూ రెండు రోజుల ముందే రైల్లో వెళ్ళిపోయారు. ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ట్రాఫిక్ చూసి ఎక్స్‌ప్రెస్ లేన్ ఎక్కితే టోలు 26 డాలర్లు పడింది. ఆ డబ్బుతో మన గద్వాలలో కుటుంబమంతా కడుపునిండా తినొచ్చు. సరే, ముప్పావు గంట కలిసొచ్చిందిలే అనుకుంటున్నాను. ఉడ్‌బ్రిడ్జ్ రాగానే బావ నడుము తడుముకుని, "అరే, ఇది ఇంట్లో పెట్టి రావడం మర్చిపోయిన్రా" అన్నాడు.

బావకు గ్యాస్ స్టేషన్ స్టోరు ఉంది. నాలుగేళ్ళ కిందట ఒక రాత్రి ఎవడో కౌంటర్ దగ్గర తుపాకి పెట్టి బెదిరించాడు. అప్పట్నుంచి వర్జీనియా పర్మిట్ తీసుకుని, చొక్కా కింద పిస్టల్ లేనిదే గడప దాటడం లేదు. దక్షిణంగా నార్త్ కరోలినాకి, టెనెసీకి ఎన్నోసార్లు వెళ్ళాడు. ఆ రాష్ట్రాలు వర్జీనియా పర్మిట్‌ను ఒప్పుకుంటాయి. ఉత్తరంగా వెళ్తే మాత్రం పొటోమాక్ నది వంతెన దాటగానే మేరీల్యాండ్, అక్కడ ఆ కాగితం చెల్లదు. న్యూజెర్సీ అయితే తను ఇచ్చిన పర్మిట్ తప్ప ఏ రాష్ట్రానిదీ ఒప్పుకోదు. డ్రైవింగ్ లైసెన్సు 50 రాష్ట్రాల్లో చెల్లుతుంది కాబట్టి ఇదీ అంతే అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

"తూటాలు తీసి తాళం వేస్తే సరిపోతుంది, తుపాకితో రాష్ట్రాలు దాటేవాళ్ళ కోసం 1986 ఫెడరల్ చట్టం ఉంది కదా" అన్నాడు బావ. మాది ఓడిసీ వ్యాన్, వేరే ట్రంకు లేదు. అలాంటి బండిలో తాళం వేసిన పెట్టెలోనే పెట్టాలి, గ్లోవ్‌బాక్సు పనికిరాదు. పెట్టె వెనక సీటు కింద ఉంది. ఒక షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో మూలకు ఆపాం. బావ పిస్టల్‌లోంచి తూటాల మ్యాగజైన్ లాగి, పులిహోర డబ్బా మూత తిరగేసి, బొటనవేలితో ఒక్కో తూటా నెట్టుతూ అందులో వేశాడు. టక్, టక్ అని చప్పుడు. ఆఖరున లెక్కపెడితే పదకొండే ఉన్నాయి. పన్నెండు ఉండాలి.

ఆ ఒక్కటి వెతకడానికి అరగంట పట్టింది. మ్యాట్లు తీశాం, సీట్లు వెనక్కి జరిపాం. బావ చొక్కా వీపంతా తడిసిపోయింది. ఆ తూటా మొన గుంటగా ఉండే రకం. న్యూజెర్సీలో బండిలో అలాంటిది దొరికితే అదే ఒక కేసు. పది కంటే ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్ ఇంకో కేసు. చివరికి కొబ్బరికాయల సంచిలో, పీచు మధ్య పసుపుపచ్చగా మెరుస్తూ నాకే కనపడింది. నేను ముట్టుకోలేదు, బావను పిలిచాను. నేను హెచ్‌1 మీద ఉన్నాను. వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప, నాలాంటివాళ్ళ దగ్గర తుపాకి గానీ తూటా గానీ ఉండటం ఫెడరల్ నేరం.

బావ వెతుకుతున్నప్పుడే మధ్యమధ్యలో ఫోన్‌లో ఆ చట్టం చదివాను. అది కాపాడేది దారిన పోయేవాళ్ళని. బయల్దేరిన చోటా, చేరే చోటా తుపాకి దగ్గర పెట్టుకునే హక్కు ఉండాలి. వెర్మాంట్ పోతూ న్యూజెర్సీ దాటితే ఒక లెక్క. మేం దిగేదే ఎడిసన్‌లో, అక్కడ బావకు ఆ హక్కు లేదు. 2013లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఒక తల్లి, న్యూజెర్సీలో పోలీసు ఆపితే, తన దగ్గర పిస్టల్ ఉందనీ పెన్సిల్వేనియా పర్మిట్ ఉందనీ తనే చెప్పింది. వెంటనే అరెస్టు చేశారు. మూడేళ్ళకు పైగా జైలు పడే పరిస్థితి వచ్చింది. 2015లో గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టాడు. అది చదివి వినిపించాక బావ మారు మాట్లాడలేదు.

పెదనాన్న గుర్తొచ్చాడు. శనగ చేలో పందుల కోసం ఆయనకు ఒంటిగొట్టం తుపాకి ఉండేది. లైసెన్సు పుస్తకంలో ఎంతవరకు చెల్లుతుందో రాసి ఉండేది. కర్ణాటకలోని రాయచూరు మా ఊరికి ఎంతో దూరం లేదు. అయినా అక్కడికి వెళ్తే తుపాకి ఇంట్లోనే ఉండేది. ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. ఇక్కడ వంతెన మీద "స్వాగతం" బోర్డు ఉంటుంది కానీ, నీ పర్మిట్ ఇక్కడితో ఆఖరు అని చెప్పేవాడు ఉండడు. అన్ని రాష్ట్రాలూ ఒకరి పర్మిట్‌ను ఒకరు ఒప్పుకోవాలని 2017 డిసెంబర్‌లో ప్రతినిధుల సభ 231-198తో బిల్లు పాస్ చేసింది, సెనేట్‌లో అది ముందుకు కదల్లేదు. జనం కిక్కిరిసిన ఊళ్ళున్న రాష్ట్రం తన షరతులు తను పెట్టుకోవడం నాకు న్యాయంగానే తోస్తుంది. కానీ పొరపాటున గీత దాటి, నిజం చెప్పిన మనిషికి మూడేళ్ళ జైలా? అది ఏ కోశానా న్యాయం కాదు.

పెట్టె ఎక్కడ పెట్టాలి? ముందు ఫోన్ చేసిన ఇద్దరూ నాలాగే వీసా మీద ఉన్నవాళ్ళు, వాళ్ళకు ఇవ్వకూడదు. వంతెనకు ఇవతలే, లోర్టన్‌లో బావ పాత రూమ్మేట్ ఉన్నాడు, సిటిజన్, ఇంట్లో సేఫ్ ఉంది. అక్కడికి వెళ్ళి అప్పజెప్పాం. ఎడిసన్ చేరేసరికి పాలు పొంగించడం, వ్రతం, భోజనాలు అన్నీ అయిపోయాయి. అత్త మాకోసం తీసిపెట్టిన బొబ్బట్లు తిన్నాం.

ఆదివారం రాత్రి మళ్ళీ లోర్టన్‌లో ఆగాం. బావ వరండా లైటు కింద పెట్టె తెరిచి, తూటాలు అరచేతిలో పోసుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు. పన్నెండు. మళ్ళీ పెట్టెలోనే పోసి, తాళం వేసి, వెనక సీటు కింద పెట్టాడు.